అరువు గొంతు

మా అక్క గురించి పేపర్లో రెండుసార్లు రాశారు. రెండుసార్లూ తప్పే రాశారు. ముప్పై నాలుగేళ్ళు నాటకాలాడిన నటి బుల్లితెర మీద హాయిగా ఒదిగిపోయిందని మొదటిసారి రాశారు. రెండోసారి ఆమె వినయాన్ని తెగ మెచ్చుకున్నారు. ఒదగడమట, వినయమట! ఆ రాసినాయన మా అక్క ఎదురుగా అరగంట కూర్చుని ఉంటే ఆ రెండు మాటలూ తనే మింగేసి ఉండేవాడు. నేను రాతలు తెలిసినదాన్ని కాను, బట్టలు కుట్టేదాన్ని. ఆమె నాటక సమాజానికి ఇరవై ఆరేళ్ళు దుస్తులు కుట్టాను. రాణి దుస్తులు కుట్లు విప్పి పనిమనిషికి, పనిమనిషివి కుట్లు విప్పి మళ్ళీ రాణికి. జరిగింది చెప్పడానికి రచయిత్రిని కానక్కర్లేదు, అక్కడ ఉంటే చాలు. నేను మొదటినుంచీ అక్కడే ఉన్నాను.

మా నాన్న వడ్రంగి. నాటకాలకి తలుపులు, కిటికీలు, సింహాసనాలు చేసేవాడు. హాలు వెనక రెండు గదుల్లో కాపురముండేవాళ్ళం. ఆ హాల్లో మైకు లేదు. సమాజాన్ని నడిపే మాస్టారికి మైకు మాటెత్తితే చిరాకు. గొంతు లేనివాడు నాటకాలెందుకు, బ్యాంకులో చేరొచ్చుగా అనేవారు. రిహార్సల్స్ జరిగేటప్పుడు చిట్టచివరి వరసలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టేవారు. మాట వినపడకపోతే వాళ్ళు చెయ్యెత్తాలి, అంతే పని. అక్కకి పదమూడేళ్ళప్పుడు ఆ పని దొరికింది. ఊరుకుంటుందా? నిమిషానికోసారి చెయ్యెత్తేది. మూడు నెలలు తిరిగేసరికి ఆ చెయ్యి చూస్తేనే నటులందరికీ ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు రాజు వేషం వేసే ఆయన కిరీటం తీసి బల్లమీద కొట్టాడు. "అన్ని చెవులున్నదానివి, నువ్వే వచ్చి చెప్పవే!" అన్నాడు. అక్క నిజంగానే వెళ్ళింది. ముసలి రాజు కొడుకుని వెళ్ళగొట్టే ఘట్టం. మూడు నెలలుగా వింటున్నదే కదా, మొత్తం చెప్పేసింది. రోడ్డవతల సైకిళ్ళు బాగుచేసే ఆయన చేతిలో పంపుతో పరిగెత్తుకొచ్చి, లోపల ఏం గొడవని అడిగాడు. ఆ రోజునుంచి ఆమె పేరు కంచు. అమ్మా నాన్నా తప్ప అందరూ కంచు అనే పిలిచారు. కొన్నాళ్ళకి నాన్న కూడా అలాగే పిలిచాడు.

ఆ గొంతులో తీపి లేదు. ఉందని అబద్ధం చెప్పను. కింది స్థాయిలో కాస్త బొంగురు, పైకి వెళ్ళేకొద్దీ ఖంగుమంటుంది. వింటే మాత్రం నమ్మాలనిపిస్తుంది. జడ్జీలు, తల్లులు, సేనాపతులు, జైలు వార్డెన్లు, అన్నీ వేసింది. ప్రేమికురాలి వేషం మాత్రం ఒక్కసారే వేసి మానేసింది. "ఆ గొంతుతో ప్రేమిస్తున్నానంటే, అరెస్టు చేస్తున్నానన్నట్టుంటుంది" అని మా బావ ఇప్పటికీ ఏడిపిస్తాడు. ఏడిపించడానికి ఆయనకేం హక్కుందని? ఆయన మా అక్కని ముందు చూడనేలేదు. వాన పడుతుంటే తడవకుండా హాల్లో దూరి, ఒక స్తంభం వెనక సీటులో ఇరుక్కున్నాడు. రెండు గంటలు స్తంభాన్ని చూస్తూ ఆమె గొంతు విన్నాడు. మర్నాడు స్తంభం లేని చోట టిక్కెట్టు కొనుక్కున్నాడు. పంపుల ఫ్యాక్టరీలో స్టోరు కీపరు ఉద్యోగం, నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో మాట్లాడే పని ఆమెది, వినే పని ఆయనది, ఇద్దరికీ సరిపోయింది.

అలా ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. ఆ తర్వాత హాలు వాళ్ళు హాలు అమ్మేశారు. ఇప్పుడక్కడ సోఫాలమ్ముతున్నారు. మాస్టారు ఆ ఏడాదే పోయారు. మేము స్కూళ్ళలో, క్లబ్బుల్లో, ఒకసారి ఒక కార్ల షెడ్డులో కూడా ఆడాం. జనం తగ్గారు, నటులు తగ్గారు, చివరికి అక్కా నేనూ మిగిలాం. ఒక ఏడాదంతా అక్క ఇంట్లో ఉండిపోయింది. గొంతు తుప్పు పట్టకూడదని పొద్దున్నే పేపరు మొదటినుంచి చివరిదాకా పైకి చదివేది. వార్తలే కాదు, ప్రకటనలు కూడా. "మంచి స్థితిలో ఉన్న కుట్టు మిషన్ అమ్మబడును" అని ఆమె చదువుతుంటే, ఆ మిషను ఎవరి చేతుల్లో పడుతుందోనని నాకు దిగులేసేది.

అప్పుడొచ్చాడు ఆ దర్శకుడు. కాలేజీ రోజుల్లో మా నాటకాలు చూసినవాడట. కాఫీ కప్పు పట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే అన్నాడు. "అమ్మా, కొత్త సీరియల్ మొదలుపెడుతున్నాం. అత్తగారి పాత్ర మీరే వెయ్యాలి. కథంతా ఆవిడ చుట్టూనే తిరుగుతుంది."

"మంచిదా, చెడ్డదా?" అంది అక్క.

"చాలా చెడ్డదమ్మా."

"అయితే వేస్తాను."

దుస్తులు చూసుకునే మనిషిగా నేనూ వెంట వెళ్ళాను. పాత గోడౌనులో ఇల్లు కట్టారు. ఏ గదికైనా మూడే గోడలు. మెట్లు ఆరుంటాయి, ఏడో మెట్టు దగ్గర ప్లైవుడ్డు అడ్డం వస్తుంది. ఫ్రిజ్జు తలుపు తెరిస్తే లోపల లైట్ల వైర్లు. వడ్రంగి కూతురు కదా, అక్క గోడలు తట్టి చూసి, మేకులు సరిగ్గా కొట్టలేదని పెదవి విరిచింది. మిగతాదంతా కొత్తే. నాటకంలో ప్రాంప్టర్ తెర పక్కన దాక్కుంటాడు, మర్చిపోతేనే గుసగుసగా అందిస్తాడు. ఇక్కడ ఒక అసిస్టెంటు కెమెరా పక్కనే నిలబడి ప్రతి మాటా గట్టిగా అరుస్తాడు, నటులు వెనకాలే అప్పజెపుతారు. మొదటి షాట్లోనే అక్క చెయ్యెత్తింది. "నువ్వరుస్తుంటే నా మాట నాకే వినపడట్లేదయ్యా. ఆ కాగితం ఇటివ్వు, పది నిమిషాల్లో వచ్చేస్తుంది" అంది. పది నిమిషాల్లో వచ్చేసింది కూడా.

కోడలి వేషం వేసే పిల్లయితే మరీ వింత. బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ "ఒకటి, రెండు, మూడు" అని పదిహేడు దాకా లెక్కపెట్టింది. షాటు అయిపోయింది. దర్శకుడు బావుందన్నాడు.

"ఏమ్మా, ఆ లెక్కలేంటి?" అంది అక్క.

"ఎలాగూ డబ్బింగులో వేరేవాళ్ళే చెప్తారు కదా ఆంటీ. పెదాలు కదిలితే చాలు."

పాపం డైలాగులు నోటికి రాని పిల్ల కాబోలు, అందుకే గొంతు అరువు తెచ్చుకుంటున్నారని అక్క అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు స్టేజీ మీద బతికిన మనుషులం, గొంతున్న మనిషికి కూడా ఇంకో గొంతు తగిలిస్తారని మాకెలా తడుతుంది?

మొదటి ఎపిసోడ్ సాయంత్రం ఏడున్నరకి. ఇరుగుపొరుగంతా మా ముందుగదిలోనే. పాత నాటకాలవాళ్ళు నలుగురైదుగురు కూడా వచ్చారు. తెరమీద అక్క మెట్లు దిగింది. ఆరు మెట్లూ అరవై మెట్లన్నంత దర్జాగా దిగింది. నోరు తెరిచింది. సన్నటి, తియ్యటి, ఎవరిదో ముక్కు గొంతు వచ్చింది.

బావ లేచి టీవీ వెనక వైరు కదిపి చూశాడు. పక్కింటావిడ, మంచిదే పాపం, "టీవీలో మీ గొంతు భలే సన్నగా వస్తుందండీ" అంది. అక్క తన గొంతు మీద చెయ్యి వేసుకుని, ఎపిసోడ్ అయ్యేదాకా అలాగే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకంటే కోపం ఎక్కువొచ్చింది. మనిషి ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులకి చెప్పుకుంటాం, మనిషి నోట్లో జరిగితే ఎవరికి చెప్పుకోవాలి?

మర్నాడు నేరుగా నిర్మాత గదికి వెళ్ళాం. ఎప్పుడూ మడత నలగని తెల్లచొక్కా వేసుకుంటాడాయన. కుట్టుపని తెలిసినదాన్ని కాబట్టి చెప్తున్నా, చొక్కా మంచిదే.

"నా గొంతు ఎందుకు తీసేశారు?" అంది అక్క.

"అమ్మా, అది తీసెయ్యడం కాదు. ఇక్కడ అందరికీ డబ్బింగే. మీ గొంతు కాస్త మగగొంతులా ఉంది. జనం అత్తగారిని తిట్టుకోవాలి గానీ, భయపడకూడదు. తొమ్మిదికి రండి, ఆరుకి వెళ్ళండి. మిగతాది మేం చూసుకుంటాం."

"మిగతాదేంటి? మిగతాదే నేను."

ఆయన నవ్వాడు. పెద్దవాళ్ళ ముచ్చట తీర్చేటప్పుడు నవ్వే నవ్వు. నా చేతిలో కత్తెర లేకపోవడం ఆ చొక్కా అదృష్టం.

బస్సులో నేను అన్నాను. "మానేద్దామే అక్కా. దిక్కుమాలిన ముఠా."

"మానేస్తే వాళ్ళకేం? ఇంకో ముఖం తెచ్చుకుంటారు. నాకు మాట్లాడ్డానికి మిగిలిన చోటు ఇదొక్కటే. నేను వెళ్ళిపోను. నా గొంతు ఈ సీరియల్లో వినపడేదాకా పోను" అంది. ముందుసీటు వాళ్ళు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

అప్పట్నుంచి ఆమె చేసిన పని, తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. రాసిన మాటలో ఒక్క అక్షరం మార్చలేదు. ఆగే చోట్లు మార్చింది. "ఈ ఇంట్లో నా మాట కాదన్నవాళ్ళు లేరు" అని రాస్తే, "ఈ ఇంట్లో" అని ఆగి, కప్పు కింద పెట్టి, కోడల్ని కిందనుంచి పైదాకా చూసి, "నా మాట" అని మళ్ళీ ఆగి, సగం నవ్వి, మిగిలింది ఒక్క గుక్కలో అనేసేది. రెండో టేకులో ఆగే చోట్లు మళ్ళీ వేరు. చూడటానికి అద్భుతంగా ఉండేది, దర్శకుడు కిక్కురుమనకుండా ఓకే చేసేవాడు. డబ్బింగు గదిలో మాత్రం నానా తిప్పలు. నోరు మూసుకున్నప్పుడు మాట వచ్చేది, తెరిచినప్పుడు వచ్చేది కాదు. టీవీ పాడైందని బాగుచేసేవాళ్ళ దగ్గరకి మోసుకెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారని విన్నాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటిముందు స్కూటరు ఆగింది. ఆరడుగుల ఆడమనిషి, వెడల్పాటి భుజాలు, చేతిలో హెల్మెట్టు. గడప బయటే నిలబడి నోరు తెరిచేసరికి నేను ఉలిక్కిపడ్డాను. ఆ సన్నటి, తియ్యటి ముక్కు గొంతు!

"నేనేనండీ, మీ గొంతు" అంది.

అక్క ఆమెను ఎగాదిగా చూసి, "లోపలికి రా. ఎవరా అని ఏడునెలలుగా అనుకుంటున్నాను" అంది. గొడవ తప్పదనుకుని నేను గాజుగ్లాసులు దూరంగా జరిపాను.

"అక్కా, మీ నోటితో నా నడుం పడిపోతోంది. మీ ఒక్క సీనుకి పొద్దంతా పడుతోంది. ఎందుకలా చేస్తున్నారు?"

"నా నోట్లోంచి నువ్వెందుకు మాట్లాడుతున్నావు?"

"నన్నెవరడిగారండీ మాట్లాడతావా అని? మీకే కాదు, కోడలిక్కూడా నేనే చెప్తాను. అత్తాకోడళ్ళు తిట్టుకునే సీనొస్తే గదిలో నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చుంటాను. ఆడపడుచూ నేనే, డాక్టరమ్మా నేనే. పేరు మాత్రం ఎక్కడా వెయ్యరు."

నేను దూరంగా జరిపిన గ్లాసు దగ్గరికి లాగి అక్క ఆమెకి మంచినీళ్ళు పోసింది. తర్వాత, "నా మాటలు నేనే చెప్పుకుంటే నీకు పని తగ్గుతుందా?" అని అడిగింది.

"మీరొక్కరు తగ్గితే హాయిగా నిద్రపోతాను తల్లీ. మీ నాటకాలు నేను చూశాను. ఆ గొంతు పోగొట్టి నా గొంతు పెట్టడం నాకే సిగ్గుగా ఉంది. కానీ నేనుగా చెప్పనంటే రేపట్నుంచి నలుగురికీ ఇంకొకరు చెప్తారు."

"నువ్వు చెప్పననొద్దు. నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేస్తాను" అంది అక్క. ఇద్దరూ సాయంత్రందాకా కూర్చున్నారు. సన్నగొంతుకి పొట్టలోంచి ఊపిరి ఎలా తియ్యాలో అక్క నేర్పింది. వంటింట్లోంచి వింటుంటే పిచ్చుకా పులీ కబుర్లు చెప్పుకుంటున్నట్టుంది.

డబ్బింగు ఆలస్యమవుతోందని నిర్మాతకి ఫిర్యాదులు వెళ్తూనే ఉన్నాయి. చివరికి దర్శకుడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అమ్మా, రేపు మీరు మెట్లమీదనుంచి పడిపోతారు."

"ఉన్నవే ఆరు మెట్లు. చస్తానా?"

"లేదమ్మా. కోమా."

"ఎన్నాళ్ళు?"

"సార్ చెప్పలేదు." అని నీళ్ళు నమిలి, "మాట్లాడాల్సిన పనుండదు, డబ్బింగు గొడవుండదు, హాయిగా పడుకోమన్నారు" అన్నాడు.

మా అక్క నోరు మూయించడానికి వాళ్ళకి తోచిన ఉపాయం అది. ఇంటికొచ్చాక ఆమె ఆ రోజు పేపరు తీసి, పొద్దున్న చదివిందే మళ్ళీ చదివింది, పొద్దుటికంటే గట్టిగా. బావ అడ్డు చెప్పలేదు. పక్కింటివాళ్ళు కూడా చెప్పలేదు.

నాలుగు నెలలు కోమాలో ఉంది. మంచమంటే చెక్క బల్లమీద దుప్పటి. ముక్కుకి గొట్టం, దానికి అంటుకునే టేపు, నెత్తిమీద మాడ్చేసే లైటు. ఆస్పత్రి గౌన్లు రెండూ మెత్తటి గుడ్డతో నేనే కుట్టాను, అంతకంటే ఏం చెయ్యగలను? ఒకసారి ముక్కుమీద ఈగ వాలి, నిమిషంపాటు అటూ ఇటూ తిరిగింది. కనురెప్ప కదల్లేదు. కెమెరా వెనకున్నవాళ్ళంతా ముక్కులు గోక్కున్నారు. ఇంటివాళ్ళంతా వరసగా వచ్చి ఆమె పక్కన ఏడ్చేవాళ్ళు. కోడలు పిల్ల ఏడుస్తూ పదిహేడు దగ్గర ఆగిపోతే, కోమాలో ఉన్న మనిషి కళ్ళు మూసుకునే "పద్దెనిమిది రాదా నీకు?" అంది. ఆ పిల్ల సిగ్గుపడి మర్నాటినుంచి అసలు మాటలే నేర్చుకుని రావడం మొదలుపెట్టింది.

అక్క లేని కథ కుంటుపడింది. కోడలు ఎవరితో పోట్లాడుతుంది? చూసేవాళ్ళు తగ్గారు. అత్తగారు ఎప్పుడు లేస్తుందని ఛానెల్‌కి ఫోన్లు మొదలయ్యాయి. ఛానెల్ వాళ్ళు నిర్మాత మీద పడ్డారు. ఇంక లేపక తప్పలేదు.

లేపే రోజు పొద్దున్న సీను కాగితాలు వచ్చాయి. రెండు పేజీలు, మొత్తం అక్కవే. కళ్ళు తెరిచి, తనని మెట్లమీదనుంచి తోసిందెవరో ఇంటిల్లిపాదికీ చెప్తుంది. ఆ ఎపిసోడ్ ఆ సాయంత్రమే వెళ్ళాలి. అక్క రెండుసార్లు చదువుకుని, దర్శకుణ్ణి పిలిచింది.

"గొంతు ఎవరిది?"

దర్శకుడు బూట్లకేసి చూసుకున్నాడు. అక్క వెళ్ళి మంచమెక్కి, గొట్టం సరిచేసుకుని, కళ్ళు మూసుకుంది.

"యాక్షన్" అన్నారు. అక్క కళ్ళు తెరవలేదు. మళ్ళీ అన్నారు, మళ్ళీ తెరవలేదు. మూడోసారికి అందరికీ భయం పట్టుకుంది. నిజంగానే ఏమైనా అయిందేమోనని కోడలు పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. అసిస్టెంటు, "కళ్ళు తెరవండమ్మా, కళ్ళు తెరవండి!" అని ఆస్పత్రి అదిరేలా ప్రాంప్టింగు ఇచ్చాడు.

"నా గొంతుతో మాట్లాడిస్తామంటే తెరుస్తాను" అంది అక్క, కదలకుండా. "లేదంటే ఇలాగే ఉంటాను. నాలుగు నెలలు నేర్పించారుగా."

నిర్మాత వచ్చాడు. ముఖం కందగడ్డలా అయింది.

"అమ్మా, ఏంటిది? కళ్ళు తెరవండి. లేదంటే ముఖానికి కట్లు కట్టి, ప్లాస్టిక్ సర్జరీ అని చెప్పి ఇంకొకావిడని పెడతాను. ఇక మీరు ఇంట్లో కూర్చోవాల్సిందే."

ఆయన అన్నంత పనీ చెయ్యగలడు. సోఫాల షాపులో నాటకాలాడలేం, ఇంకో సీరియల్‌వాళ్ళు పిలవరు. యాభై మూడేళ్ళ మనిషి ఇక జీవితాంతం బావకి పేపరు చదువుతూ కూర్చోవాలి. ఇదంతా ఆమెకీ తెలుసు. తెలిసే పడుకుంది.

"పెట్టుకోండి" అంది. "ముందు నన్ను మంచం మీదనుంచి మోసుకెళ్ళాలి. నేను సాయం చెయ్యను."

మోసేవాళ్ళ కోసం నిర్మాత చుట్టూ చూశాడు. లైట్లవాళ్ళు లైట్లు చూసుకున్నారు, మేకప్పతను డబ్బా మూతతో కుస్తీ పట్టాడు. ఒక్కరూ ముందుకి రాలేదు. టైము మధ్యాహ్నం రెండు. ఆయన ఫోను తీసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి, సన్నగొంతుకి చేశాడు. "మంచం మీద దుప్పటి, గోడలు, పక్కవాళ్ళ ముఖాలు తీసుకుంటాం. ఈమె నోరు చూపించం. నువ్వు వచ్చి రెండు పేజీలూ చెప్పేసెయ్" అన్నాడు.

"అయ్యో, సార్! నాకు గొంతు పోయింది సార్!" అంది ఆమె, గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినంత స్పష్టంగా. "పొద్దున్నించి ఒక్క మాట కూడా రావట్లేదు సార్. డాక్టరుగారు అస్సలు మాట్లాడొద్దన్నారు సార్." ఒక్క దగ్గు కూడా నటించలేదు మహాతల్లి.

సెట్లో సగంమంది గోడవైపు తిరిగారు. నవ్వు ఆపుకోలేక కోడలు పిల్ల అత్తగారి దుప్పటి నోట్లో కుక్కుకుంది.

"సరే" అన్నాడు నిర్మాత, ఫోను జేబులో పెట్టుకుంటూ. "ఈ ఒక్కసారే."

ఫ్యాన్లు ఆపారు. టీ స్టవ్వు ఆపారు. సౌండు చూసుకునే ఆయన ఎక్కడో అటకమీదున్న పొడుగాటి మైకు దులిపి తెచ్చి, మంచం పైకి వేలాడదీశాడు. అసిస్టెంటు అలవాటుగా నోరు తెరిస్తే దర్శకుడు చేత్తో మూసేశాడు. అక్క కళ్ళు తెరిచింది. "నేను ఎక్కడున్నాను?" అంది.

ఇంతకంటే అరిగిపోయిన మాట ఏ సీరియల్లోనూ ఉండదు. కానీ ఆ మాట అడిగిన తీరుకి అక్కడున్న ప్రతి మనిషీ సమాధానం చెప్పబోయాడు. రెండు పేజీలు, ఏడు నిమిషాలు, ఒకే టేకు. కోడలు పిల్ల నిజంగానే రెండడుగులు వెనక్కి వేసింది. సూదులడబ్బా గుండెలకి హత్తుకుని, నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ సాయంత్రం అది టీవీలో వచ్చింది. బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. సన్నగొంతు ఫోన్ చేసి, "అక్కా, నాకు గొంతు వచ్చేసింది" అని నవ్వింది. ఇక గెలిచామనే అనుకున్నాం.

మర్నాడు పొద్దున్న నిర్మాత సెట్లోనే కూర్చుని ఉన్నాడు. చొక్కా నలగలేదు. చేతిలో కాగితాలు. ఛానెల్‌కి వచ్చిన ఫోన్లన్నీ రాసి పంపారట, ముప్పై ఒకటి. ఒక్కటీ మెచ్చుకున్నది కాదు.

"నేను చెప్తే వినలేదు కదా. జనం ఏమంటున్నారో వినండి" అని చదివాడు. "'ఆ కొత్త గొంతు ఆవిడకి అతకలేదు. ఆవిడ అసలు గొంతు మళ్ళీ పెట్టండి.' అర్థమైందా అమ్మా? మీ అసలు గొంతు ఏదో జనమే చెప్తున్నారు. ఇవాళ్టినుంచి మళ్ళీ డబ్బింగు."

అక్క ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ముఖం అలా అవడం నేను చూడలేదు. నిర్మాత మాట ఆమెని ఏమీ చెయ్యలేకపోయింది, చూసేవాళ్ళ మాట తగిలింది. ఎవరికి వినపడాలని ఇంత రభస చేసిందో, వాళ్ళే వద్దన్నారు. ఇంటికి పోదామని చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి విడిపించుకుని ఆ కాగితాలు తీసుకుంది. తిన్నగా వెళ్ళి, నిన్నటినుంచి అక్కడే వేలాడుతున్న మైకు కింద నిలబడింది.

"ఒకటి" అంది. "'అత్తగారికి జలుబు చేసిందా?'"

అడిగినావిడ ఎలా అడిగి ఉంటుందో అలాగే అడిగింది, నిజమైన ఆదుర్దాతో. ఎవరో కిసుక్కున నవ్వారు.

"రెండు. 'ఎవరో మగాయన చేత చెప్పించారు, సిగ్గు లేదా మీకు?' మూడు. 'కోమాలో గొంతు చెడిపోయినట్టుంది, మంచి డాక్టరుకి చూపించండి.' నాలుగు. 'మా పాప భయపడి కుర్చీ కింద దూరింది.'"

వరసగా చదివింది. కోపంగా ఉన్నవాళ్ళవి కోపంగా, విసుక్కున్నవాళ్ళవి విసుగ్గా. తన గొంతు మీద పడ్డ ప్రతి తిట్టూ తన గొంతుతోనే చదివింది. మొదట్లో నవ్వినవాళ్ళు పది దాటేసరికి ఆపేశారు. లైట్లవాళ్ళు పనులు ఆపి దగ్గరికొచ్చారు. నిర్మాత చదివిన మాట పంతొమ్మిదోది. అది వచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది, దాన్నీ చదివింది. ముప్పై ఒకటి అయ్యాక కాగితాలు మడిచి నిర్మాత చేతిలో పెట్టింది.

"ఒక్కటీ వదల్లేదు, చూసుకోండి. ఏడాదిపాటు వేరే గొంతు అలవాటు చేశారు, వాళ్ళ తప్పేముంది? నాది అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలీదు. అయ్యేదాకా మాట్లాడతాను. తిట్టేవాళ్ళని తిట్టనివ్వండి. ఆ తిట్లూ నేనే చదువుతాను" అని, అసిస్టెంటువైపు తిరిగి, "ఇవాళ్టి డైలాగులు ఇటివ్వు" అంది.

నిర్మాత నోరు తెరిచాడు. ఈసారి దర్శకుడు బూట్లు చూసుకోలేదు. "సార్, ఇంతమంది తిట్టారంటే అంతమంది చివరిదాకా విన్నారు" అన్నాడు. సౌండాయన ఎవరూ చెప్పకుండానే ఫ్యాన్లు ఆపాడు. నిర్మాత కాసేపు ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పి, చొక్కా జేబులో కుక్కుకుని, బయట కారు దగ్గరకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నాలుగు సీన్లు తీశారు. నాలుగూ మా అక్క గొంతుతోనే వెళ్ళాయి. మర్నాడు ఇరవై ఎనిమిది తిట్లు వచ్చాయి. అవి కూడా చదివింది.